మిషను దగ్గర ఎవరూ లేరు

“మిషను దగ్గర ఎవరూ ఉండరు సార్. దానంతట అదే నడుస్తుంది.”

భర్త ఈ మాట అనేసరికి ఆమె వంటగది గుమ్మంలో ఉంది. చేతిలో కాఫీ కప్పుల ట్రే. బొటనవేలి గోరు కింద పొట్టు ఇరుక్కునే ఉంది. కాఫీ గింజ వేగేటప్పుడు దాని ఒంటిమీది పొర ఊడి వస్తుంది. ఉల్లిపొర కన్నా పలచన. ఊపిరి కాస్త గట్టిగా విడిస్తే చాలు, లేచిపోయి జుట్టులోకి, దిండుగలీబుల్లోకి, ఉప్పు డబ్బా మూత కిందకి దూరుతుంది. తడిగుడ్డ పెడితే మరకై కూర్చుంటుంది, పొడిగుడ్డ పెడితే గుడ్డకే అంటుకుని వెక్కిరిస్తుంది. రెండిటికీ మధ్య ఒక చెమ్మ ఉంది, గట్టిగా పిండిన గుడ్డకు కాసేపటికి మిగిలే చెమ్మ. దానికి లొంగుతుంది పొట్టు. ఆ చెమ్మ ఏదో కనిపెట్టడానికి ఆమెకు చలికాలమంతా పట్టింది.

ముందుగదిలో కూర్చున్నవాళ్ళు భర్త ఆఫీసువాళ్ళు. ఒకరు పెద్దాయన, భర్త మీది అధికారి. రెండో మనిషి ఒక కళ్ళజోడమ్మాయి, కొత్తగా చేరింది, వస్తువుల కొలతలు చూస్తుందట. కిటికీ పక్క తన కుర్చీలో అత్తగారు. భర్త పనిచేసే కంపెనీ ఇళ్ళలో వాడే సామాను తయారుచేస్తుంది. ఈమధ్య పచ్చి కాఫీ గింజలు ఇంట్లోనే వేయించుకునే మిషను ఒకటి చేశారు. బజారులోకి వదిలే ముందు ఒక సంసారంలో పెట్టి వాడి చూడాలి. భర్త పనే అది: వాడేవాళ్ళకి ఏ వస్తువు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో గమనించి చెప్పడం. అందుకని మిషనుని ఇంటికే తెచ్చి వంటగది అరుగు మీద పెట్టాడు. పరీక్ష గడువు ముగిసింది. అది ఎలా ఉందో కళ్ళారా చూసిపోదామని ఇవాళ వీళ్ళు వచ్చారు.

“అంటే, వేగుతున్నంతసేపూ ఎవరూ ఉండరా?” పెద్దాయన మళ్ళీ అడిగాడు.

“ఎవరూ ఉండరు సార్. నేను గింజలు పోసి, బటను నొక్కి స్నానానికి వెళ్ళిపోతాను. వచ్చేసరికి వేగి, చల్లారి, సిద్ధంగా ఉంటాయి.”

ఆమె ఆగింది. ఈ మాటకు తోక ఒకటి ఉంటుందనుకుంది. ‘మా ఆవిడ చూసుకుంటుందిలెండి’ అనో, ‘ఇంట్లోవాళ్ళు ఎలాగూ ఉంటారుగా’ అనో. అతను నవ్వాడు, చెయ్యి చాచి ట్రేలోంచి ఒక కప్పు అందుకున్నాడు, చక్కెర సరిపోయిందో లేదో రుచి చూశాడు. తోక రాలేదు.

పాప పుట్టకముందు కొన్నేళ్ళు ఆమె చెవుల డాక్టరమ్మ దగ్గర వినికిడి పరీక్షలు చేసేది. అక్కడ ఒక చిన్న గది ఉండేది. గోడలన్నిటికీ మెత్తలు కొట్టి ఉండేవి. తలుపు వేస్తే బయటి లోకం కత్తిరించినట్టు తెగిపోయేది. మొదటిసారి అందులో కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు, వాళ్ళ నెత్తురు పారే చప్పుడు వాళ్ళకే వినపడి. ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఆమె మీద ఎవరో ఆ గది తలుపు వేసినట్టయింది. పెద్దాయన పెదవులు కదులుతున్నాయి. అత్తగారు తల ఊపుతోంది. ఆమెకు వినపడేది మాత్రం తన చెవిలో తన నెత్తురే.

అబద్ధమాడుతున్నాడా అని భర్త ముఖం చూసింది. అబద్ధమాడితే అతని చెవి తమ్మెలు ఎర్రబడతాయి, పెళ్ళయిన ఏడే పట్టేసింది. ఇప్పుడు తమ్మెలు మామూలుగా ఉన్నాయి. అద్దంలో తల దువ్వుకునే మనిషి ముఖంలా తేటగా ఉంది అతని ముఖం. ఆమెను కొట్టింది అదే. అబద్ధమైతే కోపం తెచ్చుకోవచ్చు. ఈయన నిజమే చెబుతున్నాడు. ఈయనకు తెలిసిన నిజం ఇదీ.

పోయిన వారమే కదా, ఆ డాక్టరమ్మ ఫోను చేసింది. ఆమె రెండు చేతులూ మిషను కింది పొట్టు ట్రేలో ఉంటే ఫోను అతనే తీసి స్పీకరు పెట్టాడు. ‘కొత్త పరికరాలు వస్తున్నాయి, మీ ఆవిడలా ఓపిగ్గా చేసే మనిషి కావాలి, సోమవారంలోగా చెప్పమనండి, లేకపోతే వేరేవాళ్ళని చూసుకోవాలి’ అంది. పాప బడికి పోతోంది, పగలంతా తీరికే అని ఆమె వంటగదిలోంచే లెక్క వేసుకుంటోంది. అతను నవ్వుతూ, “అయ్యో, ఆవిడ లేకపోతే మా ఇల్లు ఒక్క పూట నడవదండీ” అన్నాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ మాటకు ఆమె కాస్త మురిసింది కూడా. తడిచేతిని నడుముకు తుడుచుకుని, పోనీలే, ఇంతమాత్రం గుర్తించాడు కదా అనుకుంది. ఉద్యోగం సంగతి ఇంకోసారి అడుగుదాంలే అని ఊరుకుంది. ఇవాళ్టికి శనివారం వచ్చింది.

ఆవిడ లేకపోతే ఒక్క పూట నడవదు. మిషను దగ్గర ఎవరూ ఉండరు. రెండు మాటలూ ఒకే నోటివి. ఆమె ఉద్యోగానికి పోతానంటే ఇల్లంతా ఆమే అయిపోతుంది. ఇంటికి ఎవరైనా వచ్చి అడిగితే ఇంట్లో ఆమె ఎక్కడా లేదు.

మిగతా కప్పులు అందరికీ అందించింది.  చేతులకు అలవాటు, వాటి పని అవి చేసుకుపోతాయి.

“మరి వాడకంలో చిక్కులేమైనా?” పెద్దాయన అడిగాడు.

“పెద్దగా ఏమీ లేవు సార్” అన్నాడు భర్త. “చాలా హాయిగా నడుస్తోంది.”

“మా వాడి చెయ్యి అలాంటిది” అంది అత్తగారు. “వాడు వేయిస్తేనే ఆ వాసన. ఈ వీధంతా అడుగుతారు, అబ్బాయి ఇవాళ గింజలు వేయించాడా అని.”

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. ఆమె ఖాళీ ట్రేని గుండెకు ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. పెద్దగా ఏమీ లేవట. ఆమె కళ్ళముందు ఒక్కో ఉదయం వచ్చి నిలబడింది. గింజలు కనపడటానికి ముందువైపు అద్దం పెట్టారు గానీ ఆ అద్దానికి పొగరంగు వేశారు. దీపమేమో లోపల వెనకవైపు పెట్టారు. గింజ పసుపు తిరిగి, గోధుమరంగు దాటి, ముదిరే ఆ కాసేపట్లో, సరిగ్గా రంగు చూడాల్సిన ఆ కాసేపట్లో, ఏమీ కనపడదు. బ్యాటరీ లైటు అద్దానికి ఆనించి, నుదురు కాలేంత దగ్గరగా పెట్టి చూడాలి. కళ్ళను నమ్ముకుంటే కుదరదని ఆమె చెవులను నమ్ముకుంది. వేడెక్కిన గింజ ముందు చిటపటమని పగులుతుంది, ఎండుపుల్ల విరిచినట్టు. కాసేపు ఊరుకుంటుంది. మళ్ళీ రెండోసారి సన్నగా మొదలుపెడుతుంది, ఎండుటాకును గుప్పిట్లో నలిపినట్టు. ఆ రెండో చప్పుడు మొదలవకముందే ఆపాలి. కానీ మిషను ఫ్యాను హోరులో ఆ చప్పుడు వినాలంటే ఊపిరి బిగబట్టాలి. ఆపే బటను, చల్లార్చే బటను పక్కపక్కనే కవలపిల్లల్లా ఉంటాయి. ఒకటే సైజు, ఒకటే రంగు. తొందరలో ఒకదానికి బదులు ఒకటి నొక్కితే డ్రమ్ము తిరగడం మానేస్తుంది, లోపలి గింజలు వేడికి అక్కడే మాడిపోతాయి. ఆమె చల్లార్చే బటను మీద గోళ్ళరంగు చుక్క పెట్టుకుంది. దాన్ని చూసి అతను “ఇదేంటి, మరక?” అని గోటితో గీకేశాడు. ఆమె మళ్ళీ పెట్టుకుంది. డ్రమ్ము బయటకు లాగే పిడిలోకి వేళ్ళు దూరతాయి గానీ వాళ్ళే ఇచ్చిన మందపాటి చేతితొడుగు దూరదు. అందుకని తొడుగు తీసి, గుడ్డ ముక్క మడిచి పట్టుకోవాలి. గింజలు బాగా వస్తే ‘మా వాడి చెయ్యి’. మాడితే ‘నీ ధ్యాస ఎక్కడుందే?’

వీటన్నిటిలోకీ వింత ఆ కూత. వేగడం ముప్పావు వంతు అయ్యేసరికి మిషను సన్నగా కూస్తుంది. ముందువైపు చిన్న తెరమీద ఒక మనిషి బొమ్మ వెలిగి ఆరుతూ ఉంటుంది. దగ్గర మనిషి ఉన్నాడా లేడా అని అడగడం అన్నమాట. ఉంటే ఆ బొమ్మ కింది బటను నొక్కాలి. నొక్కకపోతే కాసేపు చూసి, ఎవరూ లేరని మిషను తనంతట తానే వేడి ఆపేసుకుంటుంది. గింజలు సగం ఉడికి సగం వేగి ఎందుకూ పనికిరాకుండా పోతాయి. నిప్పుతో పని కాబట్టి ఆ ఏర్పాటు చేశారు. అంత మిషనులో బుద్ధి పెట్టి చేసిన భాగం అదొక్కటే అని ఆమెకు అనిపించేది. అతను స్నానాల గదిలో ఉండగా అది కూసేది. పాప జడ సగం వేసి, పాలు పొంగే గిన్నె కింద మంట తగ్గించి, పరుగెత్తుకెళ్ళి నొక్కేది. ‘ఏమే, నీ మిషను కూస్తోంది’ అని అత్తగారు కుర్చీలోంచి కేకేసేది. మెచ్చుకునేటప్పుడు వాడి మిషను, కూసేటప్పుడు నీ మిషను.

స్నానం అయ్యి అతను ముందుగదిలో కూర్చున్న రోజుల్లోనూ ఆ కూతకు లేచేవాడు కాదు. పాపం, సన్నటి చప్పుళ్ళు వినపడటం లేదేమో అనుకుంది. వయసు పైబడుతుంటే ముందు పోయేది సన్నటి చప్పుళ్ళే. పాత పనితనం ఊరుకోనిచ్చిందా? ఒకరోజు అతను భోంచేస్తుంటే పడగ్గదిలో దిండు కింద అతని ఫోను పెట్టింది, చప్పుడు తీసేసి, వణుకు మాత్రం ఉంచి. ఏదో మెసేజి వచ్చింది. దిండు కింద, పక్కగదిలో, గొంగళిపురుగు పాకినంత చప్పుడు. అతను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, “నా ఫోను మోగుతోంది” అని ఎంగిలిచేత్తోనే లేచాడు. బంగారంలాంటి చెవులు. ఆరోజే ఉలిక్కిపడాల్సింది ఆమె. కానీ పొయ్యిమీద గిన్నె ఉంది. ఉలిక్కిపడటానికి కూడా తీరిక ఉండాలి కదా.

“ఒకే ఒక్క సంగతి సార్” అంటున్నాడు భర్త. “మధ్యలో ఆ కూత ఒకటి వస్తుంది చూడండి, మనిషి ఉంటే నొక్కమని. అది అనవసరం అనిపించింది.”

“నొక్కకపోతే మిషను ఆగిపోవాలి కదండీ?” అంది కళ్ళజోడమ్మాయి.

“పుస్తకంలో అలాగే ఉంది. నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. కూస్తుంది, కాసేపటికి దానంతట అదే ఊరుకుంటుంది.”

ఆమె వీపును గోడకు ఆనించింది. 

దానంతట అదే ఊరుకుంటుంది. ఇన్నాళ్ళూ ఆ స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మధ్య అతనికి కూత వినపడుతూనే ఉంది. అది ఆగిపోవడం కూడా వినపడుతూనే ఉంది. ఆ రెంటికీ నడుమ ఒక మనిషి పరుగెత్తిన అడుగుల చప్పుడు మాత్రం వినపడలేదు.

“అయితే కొత్త మోడల్లో అది తీసేద్దాం” అన్నాడు పెద్దాయన. “ఒక బటను, ఒక బొమ్మ, లోపల కొంత తీగ, అన్నీ కలిసొస్తాయి. మరి పొట్టు అంటుకుని మంటలు లేవడంలాంటివి?”

“అసలు లేవు సార్.”

ఆమె కుడి మోచేతి కింద చర్మం, కొత్తగా కాలినట్టు చురుక్కుమంది. పొట్టు ట్రే వెంట్రుకవాసి పక్కకు జరిగినా మిషను చెప్పదు, మామూలుగానే మొదలైపోతుంది. ఒక పొద్దున అలా పక్కకు జరిగిన ట్రేలోంచి పొట్టు ఎగిరి వేడితీగ మీద పడింది. భగ్గుమంది. అద్దం వెనక నారింజరంగు ఆడింది. మిషను తలుపు తెరిస్తే గాలి తగిలి ఇంకా లేస్తుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తలుపు గట్టిగా నొక్కిపట్టి, మిషను వైరు పీకేసి, మంట తనంతట తాను చచ్చేదాకా అలాగే నిలబడింది. చెయ్యి అంచుకు ఆనుకుని కాలుతున్నా తియ్యలేదు. తర్వాత వెళ్ళి చెప్పింది. “ఏమండీ, మిషనులో మంట లేచింది.” అతను ఫోనులో ఉన్నాడు. ఒక వేలు పైకెత్తాడు, ఆగు అని. ఆగింది. ఫోను అయ్యాక చెయ్యి చూసి, “అరె, జాగ్రత్తగా ఉండాలి కదా” అన్నాడు. మందు పూసుకోమన్నాడు. అప్పుడు అదంతా ప్రేమే అనుకుంది. ప్రేమే కావచ్చు. ఆ కాలిన మచ్చ అతని కళ్ళలోకి వెళ్ళింది గానీ మంట వెళ్ళలేదు.

బటను లేని మిషను ఇంకో ఇంట్లోకి వెళ్తుంది. ఆ ఇంట్లోనూ ఒకాయన గింజలు పోసి స్నానానికి వెళ్తాడు. అక్కడ పరుగెత్తే మనిషి ఉంటే సరే. లేకపోతే? ఉన్నా, ఆ పొద్దున ఏ జ్వరంతోనో పడుకుని ఉంటే?

చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో పెద్దాయన, “ఏదీ, ఒకసారి నడిపించండి, చూద్దాం” అన్నాడు. భర్త హుషారుగా లేచాడు. ఆమె పక్కనుంచే వంటగదిలోకి వెళ్ళాడు, దారికి అడ్డం ఉన్న స్టూలును తప్పుకున్నట్టు ఒడుపుగా. పొట్టు ట్రే ఆమె పొద్దున్నే కడిగి సరిగ్గా అమర్చి ఉంచింది. అతను గింజలు పోశాడు, బటను నొక్కాడు, చేతులు దులుపుకుంటూ ముందుగదికి వచ్చేశాడు.

“ఇంతే సార్. ఇంక మనకు పని లేదు.”

చెవుల డాక్టరమ్మ దగ్గర ఒక నియమం ఉండేది. చప్పుడు వదిలాక పరీక్ష చేసేవాళ్ళు కళ్ళతో సైగ చెయ్యకూడదు, గొంతు సవరించకూడదు, ‘ఇప్పుడు వచ్చింది కదా’ అన్నట్టు ముందుకు వంగకూడదు. ఊరికే కూర్చోవాలి. పరీక్షకు వచ్చినవాళ్ళు తమంతట తాము విని చేతిలోని బటను నొక్కాలి. మనం సాయం చేస్తే వాళ్ళకే నష్టం, ఉన్న చెవుడు లేనట్టు తేలుతుంది. ఇన్నాళ్ళూ తను చేసిందేమిటో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. అర్థమై ఒళ్ళు జలదరించింది. అతని బదులు తను నొక్కుతూ వచ్చింది.

ట్రేని బల్ల మీద పెట్టింది. ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ లాక్కుని కూర్చుంది. వచ్చినవాళ్ళు ఉండగా ఆ గదిలో ఆమె కూర్చోవడం అత్తగారికి వింతగా తోచి అటు తిరిగి చూసింది. కళ్ళజోడమ్మాయి కొంచెం జరిగి చోటిచ్చింది.

కబుర్లు సాగాయి. పచ్చి గింజల పచ్చగడ్డి వాసన పోయి కాల్చిన రొట్టె వాసన వచ్చింది. ఆ వాసనకు ఆమె కాళ్ళు వాటంతట అవే సిద్ధమయ్యాయి. ఇంక కూస్తుంది.

కూసింది.

ఆమె మడమలు నేలమీంచి లేచాయి. అది ఆమె చేసింది కాదు, మడమలు చేశాయి. కుర్చీ అంచును రెండు చేతులా పట్టుకుంది. అత్తగారు కళ్ళతో సైగ చేసింది. ఆమె చూడనట్టు ఊరుకుంది. అత్తగారు గొంతు సవరించింది. కూత సూదిలా వస్తూనే ఉంది. ఆమె ఒంట్లో ప్రతి నరమూ వంటగది వైపు లాగుతోంది. వేగే గింజల్ని అలా వదిలేయడం ఏడ్చే పసిబిడ్డను వదిలేసినట్టుగా ఉంది. సాటి మనుషుల మధ్య ఒక కుర్చీలో కూర్చుని ఉండటం ఇంత కష్టమని ఆమెకు ఇంతవరకూ తెలియదు.

“ఇదే సార్ ఆ కూత” అన్నాడు భర్త, పాటను పరిచయం చేసినట్టు. “ఎవరూ లేవక్కర్లేదు. చూడండి, దానంతట అదే ఆగిపోతుంది.”

ఆగిపోయింది.

“చూశారా?” అన్నాడు అందరి వైపూ తిరిగి.

పెద్దాయన మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆ ఊపడం పూర్తికాకముందే కళ్ళజోడమ్మాయి మెల్లగా, “సార్, మిషనే ఆగిపోయినట్టుంది” అంది.

అందరూ చెవులు రిక్కించారు. డ్రమ్ము తిరిగే చప్పుడు లేదు. చిటపటలు లేవు. చల్లగాలి ఫ్యాను ఒక్కటే ఈలవేస్తోంది. భర్త వంటగదిలోకి పరుగెత్తాడు. అవును, పరుగెత్తాడు. ఆ గడప దాటి అతను పరుగెత్తడం ఆమె మొదటిసారి చూసింది. తిరిగి వచ్చేసరికి ముఖం మాడిపోయి ఉంది. మొదట అతని కళ్ళు వెతికింది మిషను వైరుని కాదు, పెద్దాయన ముఖాన్నీ కాదు. ఆమెను.

“ఏం చేశావు?”

“ఏమీ చెయ్యలేదు” అంది ఆమె.

“మరి ఎందుకు ఆగిపోయింది? ఇన్నాళ్ళూ లేనిది...”

అత్తగారికి ఇంక ఓపిక చాలలేదు. “అదేమిటే, చేటంత చెవులు పెట్టుకుని! రోజూ పరుగెత్తుకెళ్ళి నొక్కేదానివి, పరాయివాళ్ళ ముందు ఇవాళే నీకు తిమ్మిరెక్కిందా?”



“రోజూ ఎవరు నొక్కుతారమ్మా?” పెద్దాయన అత్తగారిని అడిగాడు.

“ఇంకెవరున్నారు ఇంట్లో? ఇదే. నొక్కొద్దూ మరి? నొక్కకపోతే ఆగి చస్తుంది కదా. మొన్న మంట లేచినప్పుడు కూడా ఇదే కదా ఆర్పింది.”

పాపం, కోడలిని తిట్టబోయి సాక్ష్యం చెప్పేసింది పెద్దావిడ. తానేం చెప్పిందో ఆవిడకు తెలియదు. భర్త ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. తల్లి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తమ్మెలు ఎర్రబడటం మొదలైంది. అబద్ధం ఆడకపోయినా ఎర్రబడతాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

“మీరు ఎవరూ ఉండరన్నారు కదండీ?” అంది కళ్ళజోడమ్మాయి. ఎత్తిపొడవడానికి కాదు. లెక్క తేలక అడిగింది, అంతే.

“అంటే... ఉండరనే...” అని ఆగిపోయాడు. ఏదో పెద్ద ప్రశ్న అడిగినట్టు నేలచూపులు చూశాడు. “మా ఆవిడ... ఉంటుందనుకోండి. కానీ...”

 పెద్దాయన కప్పు కింద పెట్టేశాడు. ఆ బటను తీసే మాట ఇంక ఎత్తలేదు. పరీక్ష ఇంకో నెల సాగాలన్నాడు. గుమ్మం దాకా వచ్చిన కళ్ళజోడమ్మాయి ఆమె చేతి మీది మచ్చను చూసి, “ఇది పిడి దగ్గరా, తలుపు దగ్గరా?” అని అడిగింది.

“తలుపు అంచు.”

“పిడిలోకి తొడుగు దూరుతుందా?”

“దూరదమ్మా. ఒకసారి పెట్టి చూడు, నీకే తెలుస్తుంది.”

ఇంత కాలంలో ఆ మిషను గురించి ఆమెను ఒక మనిషి అడిగిన ప్రశ్నలు ఆ రెండే.

వాళ్ళు వెళ్ళగానే అతను తలుపు వేసి ఇటు తిరిగాడు. “నువ్వు నొక్కుతున్నావని నాకు చెప్పాలా వద్దా? నా చేత నలుగురిలో గడ్డి తినిపించావు.”

ఆ పూటకు ఉలిక్కిపడటాలు అయిపోయాయనుకుంది ఆమె. కాలేదు. ఇంట్లో తను ఉన్నట్టు తానే చెప్పుకోవాలట. చెప్పకపోవడం తన తప్పట.

“మంట లేచిన రోజు చెప్పాను” అంది.

“ఎప్పుడు?”

ఆమె మోచెయ్యి తిప్పి చూపించింది. అతను దాన్ని చూశాడు. ఎక్కడో చూసిన ముఖం పేరు గుర్తురానట్టు చూశాడు. నిజంగా గుర్తులేదు అతనికి. నటన కాదు. ఆమెకు జాలి వేసింది, భయమూ వేసింది. ఇంత మంచి మనిషి పక్కన ఇన్నేళ్ళు ఇంతగా లేనట్టే బతకవచ్చన్నమాట.

కాసేపటికి అతనే మెత్తబడ్డాడు. “సరేలే. ఈసారి నీ సంగతి కూడా వాళ్ళకి చెప్తాను. ఇంకో నెలేగా. నువ్వు ఉంటావుగా, చూసుకుందువు.”

ఆమె ఫోను తీసుకుని, అతని ఎదురుగానే నిలబడి, చెవుల డాక్టరమ్మకు చేసింది.

“మేడమ్, సోమవారం పొద్దున వస్తాను.”

“రామ్మా రా, అంతకంటేనా! మరి మీ ఆయన నీకు ఇంట్లో తీరిక లేదన్నారే?”

“ఆ పని దగ్గర ఎవరూ లేరట మేడమ్. ఇవాళే తెలిసింది.”

అత్తగారు బుగ్గన వేలు పెట్టుకుంది. “మరి ఇల్లు ఎవరు చూస్తారే?” అంది. భర్త ఏదో అనబోయాడు. అనాలంటే, ఆ పని ఆమెది అని ముందు ఒప్పుకోవాలి. 

సోమవారం ఆమె తొందరగా తయారైంది. పాపను బడి బండి ఎక్కించి వచ్చింది. పాత సంచీలో నీళ్ళ సీసా పెట్టుకుంది. గోళ్ళలో పొట్టు లేకుండా బ్రష్షుతో రుద్దుకుంది, అక్కడ చెవుల్లో వేళ్ళు పెట్టాలి కదా. అతను మామూలుగానే గింజలు పోసి, బటను నొక్కి, స్నానం చేసి వచ్చి, ముందుగదిలో ఫోను చూసుకుంటున్నాడు. తలుపు దగ్గర వంగి ఆమె చెప్పులు వేసుకుంటుండగా మిషను కూసింది.

మడమలు మళ్ళీ లేవబోయాయి. చెప్పు పట్టీ బిగించింది.

“కూస్తోంది” అన్నాడు అతను, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆమె సంచీ భుజాన వేసుకుంది.

“ఏయ్, నిన్నే. కూస్తోంది!”

“వినపడిందా?” అని అడిగింది ఆమె.

“వినపడింది కాబట్టేగా చెప్తున్నాను!”

ఆ మెత్తల గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బెరుగ్గా కూర్చునే ప్రతి కొత్తమనిషికీ ఒక మాట చెప్పేది ఆమె. ఏళ్ళ తరబడి చెప్పిన మాట, గొంతులో ఇంకా అలాగే ఉంది. కోపం లేకుండా, తొందర లేకుండా, అదే గొంతుతో చెప్పింది.

“వినపడితే బటను నొక్కండి. ఎంత సన్నగా వినపడినా సరే.”

తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగింది. సగం మెట్లలో ఉండగా కూత ఆగిపోయింది. ఎవరైనా నొక్కారో, ఎవరూ లేరని మిషనే ఆగిపోయిందో, ఆమె వెనక్కి వెళ్ళి చూడలేదు.